పాత కారుకు స్పేర్ పార్టులు సంపాదించడం ఎలా? మొదటి నుంచి చివరి దాకా

పదిహేనేళ్లు దాటిన కారు నడిపేవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: "బండి బాగానే ఉంది, పార్టే దొరకడం లేదు, ఏం చేయాలి?" మారుతి 800, జెన్, ఎస్టీమ్, పాత శాంత్రో, ఇండికా, ఫోర్డ్ ఐకాన్, అంబాసిడర్... కారు పేరు మారుతుంది కానీ బాధ మాత్రం అదే.

చాలాసార్లు ఆ పార్టు ఎక్కడో ఒకచోట ఉంటుంది. దాన్ని ఏమని అడగాలో తెలియకే మన చేతికి రాదు. బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌కు బేరింగ్ కావాలనుకోండి. "జెన్‌కి ఆల్టర్నేటర్ బేరింగ్ ఉందా?" అంటే కార్ల షాపులో లేదంటారు. దాని మీద చెక్కి ఉన్న నంబర్ చెబితే పక్క వీధిలోని బేరింగ్ షాపులో చటుక్కున తీసిస్తారు. అందుకే కింద చెప్పిన పనుల్లో సగం ఇల్లు కదలకముందు చేయాల్సినవే.

## 1. కారు వివరాలన్నీ ఒకచోట రాసుకోండి

షాపుకు ఫోన్ చేసేవాళ్లు ఎక్కువగా కారు పేరు, సంవత్సరం మాత్రమే చెబుతారు. అవి చాలవు. మారుతి 800నే తీసుకోండి. 1983 డిసెంబరు నుంచి 2014 జనవరి దాకా ఆ పేరుతో బళ్లు వచ్చాయి. మధ్యలో బాడీ మారింది, ఇంజిన్‌కు పెట్రోల్ అందించే కార్బరేటర్ పోయి ఎంపీఎఫ్‌ఐ (పెట్రోల్ ఇంజెక్షన్ పద్ధతి) వచ్చింది, నాలుగు గేర్లదీ ఐదు గేర్లదీ రెండూ తిరిగాయి. ఒక 800 పార్టు ఇంకో 800కి పట్టకపోవడంలో వింతేమీ లేదు.

ఒక చిన్న నోట్‌బుక్‌లోనో ఫోన్‌లోనో ఇవి రాసి పెట్టుకోండి:

☐ ఆర్‌సీలో ఉన్న తయారీ నెల, సంవత్సరం. రిజిస్ట్రేషన్ తేదీ కాదు. డిసెంబరులో తయారైన బండి మార్చిలో రిజిస్టరై ఉండొచ్చు
☐ చాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్. బండి మీద చెక్కినవి ఆర్‌సీతో సరిపోయాయో లేదో కూడా చూడండి
☐ వేరియంట్ పేరు, గేర్ల సంఖ్య
☐ పవర్ స్టీరింగ్, ఏసీ ఉన్నాయా? కంపెనీ ఇచ్చినవా, తర్వాత బిగించినవా?
☐ పెట్రోలా, డీజిలా? గ్యాస్ కిట్ ఉందా?
☐ ముందు ఓనర్లు వేరే మోడల్ పార్టులు ఏమైనా బిగించారా?

చివరిది తేలిగ్గా తీసుకోకండి. పాత బండిలో ఇంకో మోడల్ కార్బరేటరో, ఆల్టర్నేటరో కూర్చుని ఉండడం మామూలే. అలాంటప్పుడు చాసిస్ నంబర్ ప్రకారం తెచ్చిన సరైన పార్టు కూడా పట్టదు. బానెట్ ఎత్తి ఇంజిన్ గదిని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి పెట్టుకోండి. వెతుకులాటలో అవి చాలా పనికొస్తాయి.

## 2. ఏది పాడైందో తేలాకే వేట మొదలుపెట్టండి

తప్పు పార్టు కోసం ఊళ్లన్నీ తిరిగినవాళ్లు చాలామంది ఉన్నారు. "రేడియేటర్ పోయింది" అని మెకానిక్ అంటే రేడియేటర్ వెతుకుతారు. కానీ బండి వేడెక్కడానికి థర్మోస్టాట్, ఫ్యాన్ రిలే, ఫ్యాన్ స్విచ్ లాంటి చిన్న పార్టులు కూడా కారణం కావచ్చు. అవి సులువుగా దొరుకుతాయి.

మెకానిక్‌ను ఈ మూడు ప్రశ్నలు అడగండి:

☐ పోయింది మొత్తం పార్టా, అందులో ఒక భాగమా?
☐ ఏం చూసి ఆ మాట చెబుతున్నారు? కొలిచారా, అంచనానా?
☐ ఇప్పుడున్నదాన్ని బాగుచేసే వీలుందా?

ఉదాహరణకు బ్యాటరీ లైటు వెలుగుతుంటే ముందు మల్టీమీటర్ పెట్టించండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు నిండుగా చార్జయిన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. రాకపోతే ముందు బెల్టు, వైర్లు చూడండి. అవి బాగుంటే ఆల్టర్నేటర్ విప్పించండి. తరచు అందులో కార్బన్ బ్రష్‌లో, రెగ్యులేటరో మాత్రమే పోయి ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన మాట. విప్పిన పాత పార్టును షెడ్డులో వదిలేయకండి. అది శాంపిల్. విరిగిన ముక్కలతో సహా కవర్లో వేసి ఇంటికి తెచ్చుకోండి. సాయంత్రానికల్లా అది తుక్కులో కలిసిపోతే, కొలతలూ నంబర్లూ దానితోపాటే పోతాయి.

## 3. పార్టు నంబర్ పట్టుకోండి

ఎంత టైమ్ పట్టినా ఈ పని ఓపికగా చేయండి. నంబర్ మూడు చోట్ల దొరకొచ్చు.

కంపెనీ నంబర్. కారు తయారీ కంపెనీ ప్రతి పార్టుకూ ఒక నంబర్ ఇస్తుంది. అది పార్టు మీదో, పాత డబ్బా మీదో, బిల్లు మీదో ఉంటుంది. ఎక్కడా లేకపోతే డీలర్ స్పేర్స్ కౌంటర్‌కు వెళ్లి చాసిస్ నంబర్ ఇవ్వండి. వాళ్ల కంప్యూటర్ కేటలాగ్‌లో బొమ్మతో సహా కనిపిస్తుంది. "స్టాక్ లేదు" అన్నా వెనక్కి రాకండి, "నంబర్ రాసివ్వండి" అని అడగండి. అదే కౌంటర్లో "ఈ నంబర్‌కు బదులు కొత్త నంబర్ వచ్చిందా?" అని కూడా అడగాలి. పాత నంబర్ ఆగిపోయి, అదే పార్టు వేరే నంబర్‌తో నడుస్తుండడం చాలా మామూలు.

మారుతి నంబర్లలో మొదటి ఐదు అంకెలు అది ఏ పార్టో చెబుతాయి. 16510తో మొదలైతే ఆయిల్ ఫిల్టర్, 13780 అయితే ఎయిర్ ఫిల్టర్. ఆ తర్వాతి భాగం ఏ మోడల్‌దో చెబుతుంది. ఇది తెలిస్తే కౌంటర్లో తప్పు డబ్బా ఇచ్చినా అక్కడికక్కడే పట్టుకోవచ్చు.

అసలు తయారీదారు పేరు. కారు కంపెనీ అన్నీ తానే తయారు చేయదు. ఆల్టర్నేటర్, స్టార్టర్ మీద లూకాస్ టీవీఎస్ అనో డెన్సో అనో, ఏసీ మీద సుబ్రోస్ అనో, హెడ్‌లైట్ అద్దం మూల లూమాక్స్ అనో, స్టీరింగ్ భాగాల మీద రాణే అనో కనిపిస్తుంది. ఆ పేరు, దాని పక్కనున్న నంబర్ రాసుకోండి. కారు కంపెనీ డబ్బాలో దొరకనిది తయారీదారు సొంత డబ్బాలో దొరకొచ్చు. ధర కూడా తరచు తక్కువే ఉంటుంది.

కొలతలు. చాలా పార్టులకు కారుతో నిమిత్తం లేదు, సైజు కలిస్తే చాలు:

☐ బేరింగ్: 6204 లాంటి నంబర్ అంచు మీద ఉంటుంది. చివరి రెండు అంకెలను ఐదుతో గుణిస్తే లోపలి రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లో వస్తుంది. 04 అంటే 20. ఈ లెక్క 04 నుంచి పైకే చెల్లుతుంది, 6203కి 17. నంబర్ వెనక సీ3 అని ఉంటే అది కూడా చెప్పాలి. అలాంటి బేరింగ్‌లో లోపలి ఖాళీ మామూలు కన్నా ఎక్కువ ఉంటుంది
☐ ఆయిల్ సీల్: మూడు కొలతలు ఉంటాయి, లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. 35-50-8 అని రాస్తారు
☐ బెల్టు: 4పీకే 870 అంటే నాలుగు గాళ్లు, 870 మిల్లీమీటర్ల పొడవు
☐ బల్బు, ఫ్యూజు, రిలే: రిలే కాళ్ల దగ్గర 30, 85, 86, 87 అని ఉంటాయి. వోల్టేజీ, ఆంపియర్, కాళ్ల అమరిక కలిస్తే వేరే బండిది కూడా పనిచేస్తుంది

సీల్ కొనేటప్పుడు కొలతతో ఆగకండి. అది ఎక్కడ కూర్చుంటుందో కూడా చెప్పండి. ఇంజిన్ వేడి తగిలే చోట మామూలు రబ్బరు సీల్ వేస్తే త్వరగా గట్టిపడి నూనె కారుతుంది. అక్కడ వేడిని తట్టుకునే వైటన్ లాంటి రకం అడగాలి. ఒక వెర్నియర్ కాలిపర్ కొని ఇంట్లో పెట్టుకుంటే ఈ కొలతలన్నీ మీరే తీసుకోవచ్చు. పాత కారు ఉన్నవాళ్లకు అది దండగ ఖర్చు కాదు.

## 4. మీ కారుకు చుట్టాలెవరో తెలుసుకోండి

ఒకే ఇంజిన్, ఒకే గేర్‌బాక్స్ ఎన్నో కార్లలో వచ్చాయి. మీ మోడల్ ఎప్పుడో ఆగిపోయినా దాని చుట్టం నిన్నమొన్నటి దాకా తయారై ఉండొచ్చు.

మారుతి 800లోని 796 సీసీ కార్బరేటర్ ఇంజిన్, ఓమ్నీ ఇంజిన్ ఒకే కుటుంబం. ఓమ్నీ 2019 దాకా వచ్చింది. కాబట్టి చాలా ఇంజిన్ భాగాలకు ఇప్పటికీ కొరత లేదు. ఎస్టీమ్, జిప్సీ కింగ్, మొదటి తరం స్విఫ్ట్ పెట్రోల్... ఈ మూడింటిలోనూ 1.3 లీటర్ జీ13 ఇంజిన్ కుటుంబమే. అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్‌లో ఉన్న ఇసుజు ఇంజిన్ కాంటెస్సా క్లాసిక్‌లో కూడా వచ్చింది.

అన్నింటికన్నా పెద్ద కుటుంబం ఫియట్ 1.3 మల్టీజెట్ డీజిల్‌ది. లీనియా, పుంటో, స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఇండికా విస్టా, మాంజా, షెవ్రోలె సెయిల్ డీజిల్... పేర్లు వేరైనా మూలం ఒకటే. షెవ్రోలె 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది, ఫియట్ కూడా కార్లు అమ్మడం మానేసింది. అయినా ఈ ఇంజిన్ ఉన్నవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు. స్విఫ్ట్ డీజిల్ పుణ్యమా అని ఇంజిన్ భాగాలు ఊరూరా ఉన్నాయి.

ఒక జాగ్రత్త. చుట్టరికం ఉందంటే ప్రతిదీ పడుతుందని కాదు. ఇదే మల్టీజెట్‌లో 75 హార్స్‌పవర్ రకానికి ఒక టర్బో, 90 రకానికి ఇంకో టర్బో. బ్రాకెట్లు, పైపులు, సెన్సార్ ప్లగ్గులు కంపెనీని బట్టి మారతాయి. ఇంజిన్ లోపలి భాగాలకు చుట్టరికం ఎక్కువగా కలిసొస్తుంది, బయట వేలాడే వాటికి తక్కువ. పార్టు నంబర్లో, కొలతలో కలిసాకే డబ్బులు ఇవ్వండి. "సేమ్ టు సేమ్ సార్" అన్న మాట మీద మాత్రం ఇవ్వొద్దు.

## 5. కొత్తదా, సెకండ్ హ్యాండా, బాగుచేయించాలా?

షాపుకు వెళ్లకముందే ఇది తేల్చుకోవాలి. బేరం మధ్యలో తేల్చుకుంటే తక్కువ ధర వైపు మనసు లాగేస్తుంది.

కొత్తవే కొనాల్సినవి: బ్రేక్ ప్యాడ్లు, షూలు, బ్రేక్ హోస్‌లు, వీల్ సిలిండర్ కిట్లు, టైమింగ్ బెల్టు, బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్, పెట్రోల్ పైపులు, సీటు బెల్టులు. వీటిలో సెకండ్ హ్యాండ్ వద్దే వద్దు. ప్రాణాల మీదికి వచ్చేవి ఇవే.

పెట్రోల్ పైపుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వస్తోంది. 2023 ఏప్రిల్‌కు ముందు కార్లలో చాలావాటి రబ్బరు భాగాలు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. పైపును వేళ్లతో వంచి చూడండి. పగుళ్లు కనిపించినా, జిగటగా తగిలినా, మెత్తబడి ఉబ్బినా వెంటనే మార్చండి. ఇథనాల్‌ను తట్టుకునే పైపు అని అడిగి కొనండి. ఇంజెక్షన్ బండికి కార్బరేటర్ బండి పైపు వేయకూడదు, అది ఆ ఒత్తిడికి ఆగదు.

సెకండ్ హ్యాండ్ సరిపోయేవి: తలుపులు, బానెట్, ఫెండర్, అద్దాలు, సీట్లు, డ్యాష్‌బోర్డు, హ్యాండిళ్లు, కిటికీ అద్దం దింపే మెషిన్, స్విచ్చులు, మీటర్, వీల్ రిమ్ములు. వీటిలో కంపెనీ పాతది చాలాసార్లు లోకల్ కొత్తదాని కన్నా బాగా కూర్చుంటుంది. లోకల్ ఫెండర్ బిగించి గ్యాపులు సరిచేయడానికి టింకరింగ్ మేస్త్రీ పడే పాట్లు చూస్తే మీకే అర్థమవుతుంది.

బాగుచేయించాల్సినవి: ఆల్టర్నేటర్, స్టార్టర్, రేడియేటర్, స్టీరింగ్ ర్యాక్, ఏసీ కంప్రెసర్, డీజిల్ పంపు, ఇంజెక్టర్లు. ఎవరిదో పాత ఆల్టర్నేటర్ కొనే బదులు మీదే విప్పించి బేరింగ్‌లు, బ్రష్‌లు మార్పించడం మేలు. కనీసం దాని చరిత్ర మీకు తెలుసు.

## 6. ఎక్కడ, ఏ వరసలో వెతకాలి?

తేలిక దారి నుంచి మొదలుపెట్టి కష్టమైన దారికి వెళ్లండి.

మొదట డీలర్ కౌంటర్, కంపెనీ పార్టుల డిస్ట్రిబ్యూటర్. పార్టు లేకపోయినా నంబర్ చేతికొస్తుంది. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు ప్రకటించినా సర్వీసు, విడిభాగాలు కొనసాగిస్తామని చెప్పింది. కాబట్టి ఫోర్డ్ బండి ఉన్నవాళ్లు కూడా ఈ మెట్టు వదలొద్దు.

తర్వాత ఆన్‌లైన్. బూడ్‌మో లాంటి సైట్లలో పార్టు నంబర్ కొట్టి వెతకండి, కారు పేరుతో కాదు. ఒకే నంబర్ కింద అసలు కంపెనీదీ, వేరే బ్రాండ్లవీ కనిపిస్తాయి. ఇవాళ్టి ధర కూడా తెలుస్తుంది కాబట్టి షాపులో బేరానికి పనికొస్తుంది.

ఆ తర్వాత మార్కెట్లు. హైదరాబాద్‌లో కొత్త పార్టులకు, బేరింగ్‌లకు, సీళ్లకు సికింద్రాబాద్ రాణిగంజ్, కోఠి వైపు పుత్లీబౌలి. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో పార్టుతో పాటు లేత్, వైండింగ్, కమాన్ కట్టల (బండి బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగుల) పని, రేడియేటర్ పని అన్నీ ఒక్కచోటే అవుతాయి. బాగుచేయించాల్సిన పని ఉంటే నేను అక్కడికే వెళ్లమంటాను. విశాఖ వాళ్లకు గాజువాక ఆటోనగర్ ఉంది.

మన దగ్గర దొరకకపోతే చెన్నై పుదుపేట, బెంగళూరు జేసీ రోడ్, ఢిల్లీలో కొత్తవాటికి కశ్మీరీ గేట్, పాతవాటికి మాయాపురి.

ఇంకో కిటుకు. ఏ కారు ఏ ఊరిలో టాక్సీగా ఎక్కువ తిరిగిందో ఆ ఊరిలో దాని పార్టులు చివరిదాకా ఉంటాయి. అంబాసిడర్‌కు కోల్‌కతా మల్లిక్ బజార్, ప్రీమియర్ పద్మినికి ముంబై. ముంబైలో పద్మిని టాక్సీలు 2023 అక్టోబరులో రోడ్డు దిగాయి, కాబట్టి ఆ కారు ఉన్నవాళ్లు ఆలస్యం చేయకుండా కావాల్సినవి చూసుకోవాలి.

చివరగా చిన్న ఊళ్ల పాత షాపులు. జిల్లా కేంద్రాల్లో ముప్పై నలభై ఏళ్లుగా నడుస్తున్న ఆటోమొబైల్ షాపుల్లో అటకల మీద అమ్ముడుపోని కొత్త సరుకు ఉంటుంది. డెడ్ స్టాక్ అంటారు. వెళ్లి ఓపిగ్గా అడిగితే ఓనరే నిచ్చెన వేయిస్తాడు. లోహం, గాజు, ప్లాస్టిక్ పార్టులైతే నిశ్చింతగా తీసుకోండి. రబ్బరువి మాత్రం డబ్బాలో ఉన్నా వయసు పైబడతాయి, వంచి చూసి పగుళ్లు తేలితే వదిలేయండి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో బంధువులు ఉన్న జిప్సీ ఓనర్లకు ఇంకో దారి ఉంది. జిప్సీ అన్నదమ్ములు అక్కడ సుజుకి సమురాయ్, సియెరా పేర్లతో అమ్ముడయ్యాయి, పార్టులు ఇంకా దొరుకుతున్నాయి. చిన్నవి సూట్‌కేసులో తెప్పించుకోవచ్చు. పెట్రోల్ వాసన ఉన్న పాత కార్బరేటర్ లాంటివి మాత్రం విమానంలో తేనివ్వరు.

## 7. ఫోన్‌లో, కౌంటర్లో ఎలా అడగాలి?

"అన్నా, జెన్ పార్టులున్నాయా?" అంటే "ఏ పార్టు?" అంటారు, అక్కడితో విసుగు మొదలవుతుంది. ఇలా అడగండి:

"అన్నా, 2003 మార్చి తయారీ జెన్ ఎల్‌ఎక్స్, పవర్ స్టీరింగ్ లేదు. కుడివైపు టై రాడ్ ఎండ్ కావాలి. రాణే ఉందా? లేకపోతే ఏ కంపెనీది ఉంది? పాతదాని ఫొటో వాట్సాప్‌లో పెడుతున్నా, చూసి చెప్పండి."

☐ కుడి, ఎడమ అన్నది డ్రైవర్ సీట్లో కూర్చుని చూసే లెక్క
☐ ఫొటోలో పార్టు పక్కన స్కేలు పెట్టండి. నంబర్ ఉన్న వైపు దగ్గరగా ఇంకో ఫొటో తీయండి
☐ "లేదు" అంటే "ఎవరి దగ్గర ఉండొచ్చు?" అని అడగండి. సగం దారులు ఈ ప్రశ్నతోనే తెరుచుకుంటాయి
☐ పట్టకపోతే వాపసు తీసుకుంటారా, ఎన్ని రోజుల్లో? బిల్లు మీద రాయించండి. ఎలక్ట్రికల్ సామాను వాపసు ఉండదని చాలా షాపులు ముందే చెబుతాయి
☐ బోణీ వేళ, సాయంత్రం రద్దీ వేళ కాకుండా మధ్యాహ్నం వెళ్తే శ్రద్ధగా వెతికిస్తారు

## 8. సెకండ్ హ్యాండ్ పార్టును చేతిలోకి తీసుకుని చూడాల్సినవి

ఆల్టర్నేటర్‌నే ఉదాహరణగా తీసుకుందాం. పుల్లీని వేళ్లతో తిప్పండి. సాఫీగా తిరగాలి, గరగర వినిపించకూడదు. పుల్లీని పట్టుకుని పైకీ కిందికీ కదపండి, ఏమాత్రం ఆట ఉన్నా బేరింగ్ పోయినట్టే. వెనక కన్నాల దగ్గర ముక్కు పెట్టి వాసన చూడండి. కాలిన వార్నిష్ వాసన వస్తే లోపల వైండింగ్ మాడింది, పక్కన పెట్టేయండి. బోల్టు పట్టే చెవుల దగ్గర సన్నని పగుళ్లు వెతకండి. పుల్లీ గాళ్లు లెక్కపెట్టి మీదానితో సరిచూడండి. చివరగా షాపులో బ్యాటరీ పెట్టి తిప్పి చూపించమనండి.

మిగతావాటికి:

☐ తలుపు, బానెట్, ఫెండర్: చిన్న అయస్కాంతం పెట్టి చూడండి. అంటకపోతే కింద లప్పం ఉంది. తలుపు కింది అంచు తుప్పు చూడండి
☐ హెడ్‌లైట్: వెనక బిగించే ప్లాస్టిక్ చెవులు విరగకూడదు. లోపలి అద్దపు పూత మసకబారకూడదు
☐ బ్రేక్ డ్రమ్, డిస్క్: డ్రమ్ మీద గరిష్ఠ వ్యాసం, డిస్క్ మీద కనిష్ఠ మందం తరచు అచ్చు వేసి ఉంటాయి. కాలిపర్‌తో కొలవండి, హద్దు దాటితే వద్దు
☐ ఇంజిన్ కంప్యూటర్: నంబర్ ప్రతి అక్షరం కలవాలి. ఇమ్మొబిలైజర్ (సొంత తాళం కాకపోతే ఇంజిన్‌ను స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) ఉన్న కారైతే తాళం, ఇమ్మొబిలైజర్ బాక్సు, కంప్యూటర్ మూడూ ఒకే బండివి సెట్‌గా కొనాలి, లేదా కోడింగ్ చేసేవాళ్లు ఉన్నారని ముందే తేల్చుకోవాలి

బిల్లు లేకుండా పెద్ద పార్టు కొనకండి. దొంగ బండిదని తెలిసో, అనుమానం ఉండో కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద కేసవుతుంది. దొంగ బళ్ల పార్టుల వల్లే మీరట్‌లోని సోతీగంజ్ మార్కెట్ 2021లో మూతపడింది. ప్రభుత్వ నమోదు ఉన్న స్క్రాపింగ్ కేంద్రాల నుంచి వచ్చిన పార్టుకు కాగితం ఉంటుంది, అది అడగండి.

ఇంజిన్ మొత్తం మారుస్తుంటే నంబర్ మారుతుంది. ముందే ఆర్‌టీఓ ఆఫీసులో కనుక్కుని, ఆ ఇంజిన్ బిల్లు, కాగితాలతో ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. లేకపోతే ఫిట్‌నెస్ దగ్గరా, ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గరా ఇరుక్కుంటారు.

## 9. నకిలీని గుర్తుపట్టడం

లోకల్ వేరు, నకిలీ వేరు. తన పేరుతోనే అమ్మే లోకల్ పార్టు మోసం కాదు. పెద్ద కంపెనీ పేరు అంటించుకున్నదే నకిలీ. ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, బేరింగ్‌లు, స్పార్క్ ప్లగ్గులు, క్లచ్ ప్లేట్లలో ఇది ఎక్కువ.

☐ లేబుల్ మీద ఎంఆర్‌పీ, తయారీ నెల, నంబర్ ఉన్నాయా? అచ్చు తప్పులున్నాయా?
☐ డబ్బా మీది నంబర్, పార్టు మీది నంబర్ ఒకటేనా?
☐ హోలోగ్రామ్, క్యూఆర్ కోడ్ ఉంటే అక్కడే ఫోన్‌తో చూడండి
☐ పాత అసలు పార్టు పక్కన పెట్టి బరువు, అంచుల నునుపు, రబ్బరు గట్టితనం పోల్చండి
☐ ధర ఆన్‌లైన్‌లో చూసినదానిలో సగం ఉందా? అలా ఉంటే అనుమానించండి

## 10. ఎక్కడా దొరక్కపోతే తయారు చేయించండి

ఈ దశలో చాలామంది బండి అమ్మేద్దామనుకుంటారు. తొందరపడకండి. మన ఆటోనగర్ పనివాళ్ల చేతుల్లో చాలా విద్య ఉంది.

క్లచ్, యాక్సిలరేటర్, స్పీడోమీటర్ కేబుళ్లు పాతదాన్ని శాంపిల్ ఇస్తే అదే పొడవులో చేసిస్తారు. పవర్ స్టీరింగ్ ప్రెషర్ హోస్, ఏసీ పైపు లీకైతే పాత ఫిట్టింగులు ఉంచి కొత్త హోస్ క్రింప్ చేస్తారు. రేడియేటర్‌కు జాలీ (నీళ్లు చల్లబడే మధ్య భాగం) మాత్రమే మార్చి పాత ట్యాంకులు పెడతారు. సస్పెన్షన్ ఆర్మ్ దొరకకపోతే ఆర్మ్ బాగున్నంతవరకు బుష్ ఒక్కటే ప్రెస్ చేయించవచ్చు. ఓమ్నీ, జిప్సీ, అంబాసిడర్ కమాన్ కట్టలు వంగిపోతే మళ్లీ వంపు తెప్పిస్తారు.

హద్దులు కూడా తెలిసుండాలి. బ్రేక్ సిలిండర్లకు అతుకులు వద్దు. స్టీరింగ్ భాగాలకు వెల్డింగ్ అసలే వద్దు. హెడ్ గ్యాస్కెట్‌ను షీట్ కత్తిరించి చేయిస్తే నిలవదు. ఈ మూడింటికి ఎన్ని రోజులైనా కొత్త పార్టు కోసం ఆగాల్సిందే, అప్పటిదాకా బండి ఇంట్లోనే ఉండాలి.

## 11. పార్సిల్ వచ్చాక, బిగించే ముందు

వేరే ఊరి నుంచి తెప్పిస్తే ట్రాన్స్‌పోర్ట్‌లోనో ఆర్టీసీ కార్గోలోనో వేయించవచ్చు. డబ్బు పంపేముందు మీ పేరు రాసిన కాగితం పక్కన పెట్టి పార్టు ఫొటో పంపమనండి. అద్దాలు, లైట్లు చెక్క ఫ్రేములో కట్టమని గట్టిగా చెప్పండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి.

☐ పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి బోల్టు రంధ్రాలు, పొడవు, పళ్ల సంఖ్య, ప్లగ్గు పిన్నులు లెక్కపెట్టండి
☐ అనుమానముంటే బిగించకండి. గ్రీజు మరక పడితే వాపసు తీసుకోరు
☐ పార్టుతో పాటు మారాల్సిన చిన్నవి ముందే తెచ్చుకోండి: గ్యాస్కెట్, సీల్, క్లిప్పులు, స్ప్లిట్ పిన్, కూలెంట్, బ్రేక్ ఆయిల్
☐ టైమింగ్ బెల్టు మారుస్తుంటే టెన్షనర్, ఆ వైపు సీళ్లు, బెల్టుతో తిరిగే వాటర్ పంపు కూడా అప్పుడే మార్పించండి. మళ్లీ అంతా విప్పే కూలీ మిగులుతుంది

## 12. ముందే కొని పెట్టుకోవాల్సినవి

పదిహేనేళ్లు దాటాక ఆర్‌సీ ఐదేళ్లకోసారి రెన్యువల్ అవుతుంది. 2022 ఏప్రిల్ నుంచి కారుకు ఆ ఫీజు 5,000 రూపాయలు, 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. అంత కట్టి రెన్యువల్ చేయిస్తున్నప్పుడే వచ్చే ఐదేళ్లలో ఏవి దొరకడం కష్టమో మెకానిక్‌తో కూర్చుని రాసుకోండి. రెన్యువల్ అయ్యాకే కొనండి, ముందు కాదు.

దాచుకోదగినవి: హెడ్‌లైట్లు, టెయిల్ లైట్లు, తలుపు హ్యాండిళ్లు, కిటికీ మెషిన్లు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, రోటర్, ఇగ్నిషన్ కాయిల్, క్రాంక్ సెన్సార్, కంబినేషన్ స్విచ్, ముందు అద్దం బీడింగ్ క్లిప్పులు. నిజానికి పాత కారును మూలన పడేసేది ఇంజిన్ కన్నా ఎక్కువగా ఇలాంటి చిల్లర సామానే. ఇంజిన్ ఎవరో ఒకరు బాగుచేస్తారు, విరిగిన టెయిల్ లైటును ఎవరూ చేయలేరు.

దాచకూడనివి: టైర్లు, బ్యాటరీ, బెల్టులు, హోస్‌లు, బ్రేక్ ఆయిల్. ఇవి వాడకపోయినా పాతబడతాయి. టైరు కొనేటప్పుడు పక్క గోడ మీది నాలుగంకెలు చూడండి, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం.

☐ ప్రతి పార్టునూ కవర్లో వేసి, తేమ లాగే చిన్న సిలికా పొట్లం ఒకటి పెట్టండి
☐ గ్యాస్కెట్లు వంచకుండా అట్టల మధ్య పరిచి ఉంచండి
☐ కవర్ మీద పార్టు నంబర్, కొన్న తేదీ, షాపు పేరు, ధర రాయండి
☐ ఇనుప భాగాలకు పలచగా నూనె రాయండి
☐ జాబితా కాగితం ఒకటి గ్లవ్ బాక్సులో, ఫొటో మీ ఫోన్‌లో, ఇంకో కాపీ మీ మెకానిక్ దగ్గర ఉంచండి. బండి దారిలో ఆగి మీరు ఊళ్లో లేకపోయినా, ఇంట్లో ఏ అటక మీద ఏముందో చూసి మెకానిక్ మనుషులే తీసుకెళ్తారు